చుక్క నిన్న ఉన్నచోటే ఇవాళా ఉండాలి

ఒకే క్యాప్చర్ ఫైలు (నెట్‌వర్క్‌లో జరిగిన రాకపోకల నమోదు), దాన్ని చుక్కలూ గీతల కనెక్షన్ గ్రాఫ్‌గా చూపే సాఫ్ట్‌వేర్ కూడా ఒకటే. పొద్దున తెరిచినప్పుడు డీఎన్ఎస్ సర్వర్ (పేర్లకు చిరునామాలు చెప్పే యంత్రం) ఎడమ పైమూల ఉంది, దాని చుట్టూ వర్క్‌స్టేషన్లు గొడుగులా పరుచుకున్నాయి. మధ్యాహ్నం మళ్లీ తెరిస్తే అదే సర్వర్ కుడివైపు అడుగున తేలింది. గొడుగు తిరగబడింది. పొద్దున ఎక్కడో దూరాన ఉన్న బ్యాకప్ సర్వర్ వచ్చి పక్కన కూర్చుంది. ఫైల్లో ఒక్క బైటు మారలేదు. చూసే మనిషికి మాత్రం పని మళ్లీ మొదటికొచ్చింది: ఒక్కో చుక్క మీద మౌస్ పెట్టి పేరు చదువుకోవాలి.

పటం అన్నాక ఊళ్లు కదలకూడదు. కనెక్షన్ గ్రాఫ్‌ను నేను పటంగానే చూస్తాను. రోజూ అదే నెట్‌వర్క్‌ను చూసేవాళ్లకు రెండు మూడు వారాల్లో కంటికి చోట్లు అలవాటవుతాయి; పేర్లు చదవకుండానే "ఆ మూల ఇంత రద్దీ ఎప్పుడూ ఉండదే" అని పట్టుకుంటారు. గ్రాఫ్ చేయగలిగిన గొప్ప ఉపకారం అదే. మిగతావి చాలావరకు పట్టిక కూడా చేస్తుంది, ఇంకా బాగా చేస్తుంది.

మామూలుగా ఈ ఫిర్యాదుల్ని రెండు గంపల్లో వేస్తారు. చుక్కలు గెంతడం, గీతలు చిక్కుపడడం, పేర్లు ఒకదాని మీద ఒకటి పడడం "వాడుక సౌలభ్యం" గంపలోకి పోతాయి. హ్యాంగ్ అవడం, మెమరీ తినేయడం, క్రాష్ అవడం "స్థిరత్వం" గంపలోకి. రెండో గంపను ముందు ఖాళీ చేస్తారు, మొదటిదాన్ని వచ్చే వెర్షన్‌కు వాయిదా వేస్తారు. నా లెక్కలో రెండింటికీ రోగం ఒకటే. ఎవరు నోడ్ (చుక్క), ఏది లింకు (గీత), ఎవరిది ఏ చోటు అన్నవి గీయకముందే తేల్చుకోవాలి. ఏదీ తేల్చకుండా వచ్చిన డేటా వచ్చినట్టు, చోట్లు నిర్ణయించే లేఅవుట్ లెక్కకు అప్పగించి, అదే ఏదో చేస్తుందిలే అనుకోవడం వల్లే చుక్కలూ గెంతుతాయి, ప్రోగ్రామూ హ్యాంగ్ అవుతుంది.

ఎందుకు గెంతుతుంది

ఈ గ్రాఫ్‌లలో ఎక్కువ భాగం బలాల లెక్కతో గీసేవి. ప్రతి లింకూ ఒక స్ప్రింగు, లాగుతుంది. ప్రతి రెండు నోడ్‌లూ ఒకే ధ్రువపు అయస్కాంతాల్లా ఒకదాన్నొకటి నెడతాయి. లాగుడూ నెట్టుడూ సరితూగేదాకా చుక్కల్ని కొంచెం కొంచెంగా జరుపుతూ పోవడమే పని. పీటర్ ఈడ్స్ 1984లో ఈ స్ప్రింగుల పద్ధతి చెప్పాడు. ఫ్రుఖ్టర్‌మన్, రైన్‌గోల్డ్ 1991లో ఇచ్చిన రూపం ఇప్పటికీ చాలా లైబ్రరీల్లో ఉంది. గెఫీ అనే గ్రాఫ్ సాఫ్ట్‌వేర్‌లోని ఫోర్స్‌అట్లాస్2ది కూడా ఇదే వంశం.

గుంతలున్న నేల మీద గోళీ వదిలితే అది ఏ గుంతలో ఆగుతుందన్నది ఎక్కడ వదిలామన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇక్కడ గోళీలు వందల్లో ఉంటాయి, వదిలేది యాదృచ్ఛికంగా. పైగా ఈ లెక్కకు పై, కింద, కుడి, ఎడమ తెలియవు, దూరాలే తెలుసు. బొమ్మను తొంభై డిగ్రీలు తిప్పినా, అద్దంలో చూపినట్టు తారుమారు చేసినా లెక్క ప్రకారం అది అంతే మంచి జవాబు. మనిషికి మాత్రం అది కొత్త ఊరు. ఫోర్స్‌అట్లాస్2కు ఇంకో గుణం ఉంది: మనం ఆపమనేదాకా నడుస్తూనే ఉంటుంది. అందుకని ఫలితం బటన్ ఎప్పుడు నొక్కామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

"యాదృచ్ఛిక సంఖ్యలకు సీడ్ (అవి మొదలయ్యే అంకె) కట్టేస్తే అయిపోయె కదా" అంటారు. సగమే అవుతుంది. పైథాన్ లైబ్రరీ నెట్‌వర్క్‌ఎక్స్‌లో స్ప్రింగ్ లేఅవుట్‌కు సీడ్ ఇస్తే అదే గ్రాఫ్‌కు అదే బొమ్మ వస్తుంది, నిజమే. కానీ ప్రారంభ స్థానాలు వరుసలో పంచే చీటీల్లాంటివి. 200 హోస్ట్‌ల (నెట్‌వర్క్‌లోని యంత్రాల) జాబితాలో పదిహేడో చోట కొత్త ప్రింటర్ ఒకటి దూరిందనుకోండి. అక్కణ్నుంచి చివరిదాకా అందరికీ పక్కవాడి చీటీ చేతికొస్తుంది. ఒక్క ప్రింటర్ కోసం 184 మంది ఇల్లు మారతారు. సీడ్ ఏమీ తప్పు చేయలేదు, దాన్ని తప్పు చోట నమ్ముకున్నాం.

ఆ జాబితా వరుస కూడా నిలకడగా ఉండదు. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హ్యాష్ (పేరు నుంచి లెక్కగట్టే అంకె) ప్రతి రన్‌కూ మారుతుంది. హోస్ట్ పేర్లను సెట్‌లో పోగేసి అందులోంచి నోడ్‌లు తయారుచేస్తే, అదే ఫైలుకు అదే సీడ్ ఇచ్చినా వరుస మారుతుంది, బొమ్మా మారుతుంది. డిక్షనరీలు 3.7 నుంచి చేర్చిన వరుసను నిలబెడతాయి, సెట్లు నిలబెట్టవు. లేఅవుట్‌కు ఇచ్చేముందు నోడ్‌లనూ లింకులనూ చిరునామా ప్రకారం ఒకసారి సార్ట్ చేయడం ఒక్క లైను పని. ఆ ఒక్క లైను లేకపోవడం వల్ల "బగ్ మా దగ్గర రావడం లేదు" అని మూసేసిన టికెట్లు చాలానే ఉంటాయి.

ఇంకా లోతున ఇంకొకటి ఉంది. దశాంశ సంఖ్యల్ని ఏ వరుసలో కూడామన్న దాన్నిబట్టి చివరి అంకె కొద్దిగా మారుతుంది. లెక్కను నాలుగు థ్రెడ్‌లకు (ఏకకాలంలో నడిచే పాయలకు) పంచితే ఎవరి మొత్తం ముందొస్తుందో చెప్పలేం. ఆ చివరి అంకె తేడా కొన్ని వందల ఆవృత్తుల్లో (లెక్క మళ్లీ మళ్లీ నడిచే విడతల్లో) పెరిగి పెద్దదై చుక్కను వేరే గుంతలోకి తోస్తుంది. అచ్చంగా అదే ఫలితం కావాలంటే మొత్తాలు కూడే వరుసను కట్టేయాలి, లేదా ఆ భాగాన్ని ఒకే థ్రెడ్‌లో నడపాలి.

చోటు ఎలా ఇవ్వాలి

నేను సమర్థించే పద్ధతిలో చోటుకు నాలుగు మెట్లు. వాడేవాడు చేత్తో లాగి పెట్టిన చోటు ఉంటే దానికి తిరుగులేదు. అది లేకపోతే పోయినసారి సేవ్ అయిన చోటు. అదీ లేకపోతే, అంటే కొత్త హోస్ట్ అయితే, దానితో మాట్లాడుతున్న పాత హోస్ట్‌ల స్థానాల సగటు, దానికి కొద్దిగా పక్కన. పాత పొరుగు ఎవరూ లేకపోతే అప్పుడు చిరునామాకే హ్యాష్ తీసి, అందులో సగం బిట్లు అడ్డానికి, సగం నిలువుకు. ఈ చివరి మెట్టులోనూ సబ్‌నెట్‌ను (చిరునామాలోని నెట్‌వర్క్ భాగాన్ని) బట్టి ప్రాంతాన్ని, హోస్ట్ భాగాన్ని బట్టి ఆ ప్రాంతం లోపలి చోటును ఇస్తే ఇంకా మంచిది. ప్రతి హోస్ట్ చీటీ దాని చిరునామా మీదే రాసి ఉంటుంది కాబట్టి పక్కవాడు వచ్చినా పోయినా దానికి పట్టదు.

ఆ తర్వాతే బలాల లెక్క. పాతవాటిని కదలకుండా బిగించి, కొత్తవాటిని మాత్రం ఒక 30, 50 ఆవృత్తులు నడపాలి. చోటు చాలక ఇరుకైతే కొత్త నోడ్‌కు ఒక్క అంచె దూరంలో ఉన్నవాటిని కొద్దిగా వదలాలి, అదీ సొంత చోటుకు గుంజే బలహీనమైన స్ప్రింగు కట్టి. అందరినీ ఒకేసారి వదిలితే పడిన శ్రమంతా పోయినట్టే.

బిగించే సౌకర్యం దాదాపు అన్ని పనిముట్లలోనూ ఉంది, వాడరంతే. నెట్‌వర్క్‌ఎక్స్ స్ప్రింగ్ లేఅవుట్‌కు పాత స్థానాల పట్టికా, కదలకూడని నోడ్‌ల జాబితా ఇవ్వచ్చు. రెండోది ఇచ్చి మొదటిది మరిచిపోతే ఎర్రర్ వస్తుంది. గ్రాఫ్‌విజ్‌లో నీటో వాడితే స్థానం చివర ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే చాలు, ఆ నోడ్ అక్కడే ఉంటుంది. గెఫీ నుంచి జీఈఎక్స్ఎఫ్ ఫార్మాట్‌లో బయటికి తీస్తే స్థానాలు కూడా ఫైల్లో వస్తాయి. బ్రౌజర్‌లో బొమ్మలు గీసే డీ3 లైబ్రరీలో నోడ్‌కు ఎఫ్‌ఎక్స్, ఎఫ్‌వై అనే రెండు విలువలు పెడితే సిమ్యులేషన్ దాన్ని ముట్టుకోదు.

ఎప్పుడో ఒకప్పుడు మొత్తం కొత్తగా పేర్చక తప్పదు. అప్పుడు కూడా కొత్త బొమ్మను నేరుగా తెర మీద వేయకూడదు. రెండు బొమ్మల్లోనూ ఉన్న నోడ్‌లను తీసుకుని, కేంద్రాలు కలిపి, ఏ కోణంలో తిప్పితే, అద్దంలా తిప్పాల్సి వస్తే అదీ చేసి, పాతదానికి ఎక్కువ దగ్గరవుతుందో చూసి అలా తిప్పి వేయాలి. దీన్ని ప్రొక్రస్టీస్ అమరిక అంటారు. రెండు వరుసలు, రెండు నిలువుల మాత్రిక మీద లెక్క. కోడు ఇరవై లైన్లు దాటదు. కనీసం డీఎన్ఎస్ సర్వర్ ఎడమ పైమూల నుంచి కుడి అడుగుకు దూకడం ఆగుతుంది.

రిఫ్రెష్ అయినప్పుడు పేలిపోయే గ్రాఫ్

బ్రౌజర్‌లో నడిచే డ్యాష్‌బోర్డులలో అతి తరచుగా కనిపించే తప్పును దగ్గరగా చూద్దాం. పేజీ ప్రతి 30 సెకన్లకు సర్వర్‌ను అడిగి కొత్త డేటా తెచ్చుకుంటుంది. వచ్చిన జేసన్ డేటాలోంచి నోడ్‌ల జాబితా తయారుచేసి డీ3 సిమ్యులేషన్‌కు ఇస్తుంది. చూడ్డానికి ఏ తప్పూ లేదు. కానీ డీ3 ప్రతి నోడ్ స్థానాన్నీ వేగాన్నీ ఆ నోడ్ ఆబ్జెక్టులోనే దాచుకుంటుంది. కొత్త జేసన్ అంటే అన్నీ కొత్త ఆబ్జెక్టులు. పేర్లు పాతవే అయినా వాటికి స్థానం లేదు. స్థానం లేని నోడ్‌లను డీ3 మధ్యలో పొద్దుతిరుగుడు గింజల్లా సర్పిలాకారంలో పేరుస్తుంది. దానికి తోడు, రాసినవాళ్లు ఆల్ఫాను (చుక్కలు ఎంత జోరుగా కదలాలో చెప్పే అంకెను) మళ్లీ ఒకటికి తెస్తారు. దాంతో అర నిమిషానికోసారి నెట్‌వర్క్ మొత్తం మధ్యలోకి ముడుచుకుని బద్దలవుతుంది.

మందు చిన్నదే. పాత నోడ్‌లను ఐడీ ప్రకారం ఒక మ్యాప్‌లో ఉంచుకోవాలి. కొత్త జాబితాలో అదే ఐడీ కనబడితే పాత ఆబ్జెక్టునే తీసుకుని దాని వివరాలు మాత్రం మార్చాలి. లింకుల విషయంలో ఇంకో మెలిక: మొదటిసారి నడిచాక లింకు రెండు కొసల దగ్గరా పేరు బదులు ఆబ్జెక్టే వచ్చి చేరుతుంది. నోడ్‌లు మాత్రం కొత్తవి ఇచ్చి లింకులు పాతవి ఉంచేస్తే, గీతలు పాత ఆబ్జెక్టులను పట్టుకుని వేలాడతాయి. తెర మీద చుక్కలు ఒకచోట, గీతలు ఒకచోట. ఈ దృశ్యం కనబడితే వేరే ఏదీ వెతకక్కర్లేదు, ఇదే కారణం.

ఆల్ఫా గురించి ఒక మాట. డిఫాల్టు విలువలతో అది ఒకటి నుంచి 0.001కి చల్లారడానికి దాదాపు 300 ఆవృత్తులు పడుతుంది. రెండు మూడు నోడ్‌లు వచ్చినందుకు మళ్లీ ఒకటికి తేవడం అంటే చెంచాడు నీళ్లు వేడిచేయడానికి పొయ్యంతా రాజేయడం. 0.1 చాలు. నోడ్‌లూ లింకులూ ఏమీ మారకుండా బైట్ల సంఖ్యే మారితే సిమ్యులేషన్‌ను అసలు కదిలించకూడదు. గీత మందం మార్చి ఊరుకోవాలి.

అసలు నోడ్ అంటే ఎవరు

చోటు నిలవాలంటే ముందు పేరు నిలవాలి. ఇక్కడే చాలా సాఫ్ట్‌వేర్లు ఐపీ చిరునామానే మనిషి అనుకుంటాయి.

ఐపీవీ6లో (కొత్త తరం ఐపీ చిరునామాల్లో) గోప్యత కోసం తాత్కాలిక చిరునామాలు ఉంటాయి. 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8981 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) ప్రకారం తాత్కాలిక చిరునామాను కొత్త కనెక్షన్లకు వాడే గడువు డిఫాల్టుగా ఒక రోజు, మొత్తం ఆయుష్షు రెండు రోజులు. అంటే ఒక ల్యాప్‌టాప్ నెల తిరిగేసరికి గ్రాఫ్‌లో ముప్ఫై చుక్కలవుతుంది. 300 ల్యాప్‌టాప్‌లంటే 9,000 చుక్కలు. "మా టూల్ పెద్ద నెట్‌వర్క్‌లకు నిలబడడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి నెట్‌వర్క్ పెద్దది కానే కాదు, పేర్లు ఎక్కువ. డీహెచ్‌సీపీలో (చిరునామాలు కొంతకాలానికి పంచే ఏర్పాటులో) దీనికి తిరగేసిన కథ: నిన్న ఒకరిదైన చిరునామా ఇవాళ ఇంకొకరిది, చుక్క మాత్రం అదే. నాట్ (ఒకే బయటి చిరునామాను చాలామంది పంచుకునే ఏర్పాటు) వెనకనైతే నలభై మంది కలిసి ఒక్క చుక్క.

మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డుకు ఉండే అంకె) వాడదామంటే అది ఒకే సెగ్మెంట్‌లోనే పనికొస్తుంది. రూటర్ దాటాక కనబడేది రూటర్ మ్యాకే. ఫోన్లేమో వైఫైలో మ్యాక్‌ను కూడా మారుస్తున్నాయి. నాకు తెలిసి నిలబడే దారి ఒకటే: డీహెచ్‌సీపీ లీజు లాగ్‌నో, పరికరాల జాబితానో, లాగిన్ రికార్డులనో సమయంతో సహా కలిపి "ఫలానా గంటలో ఫలానా చిరునామా ఫలానా యంత్రానిది" అని ముందే తేల్చి, ఆ యంత్రం పేరును నోడ్ ఐడీగా వాడడం. చిరునామాలు దాని లోపలి వివరాలుగా ఉండాలి. తేల్చలేనివాటిని సబ్‌నెట్ పేరుతో ఒక గూట్లో పెట్టడం మేలు.

మనుషులు కానివాళ్లు కొందరు గ్రాఫ్‌లోకి దూరుతారు. 224.0.0.251 ఎండీఎన్ఎస్‌ది, 239.255.255.250 ఎస్‌ఎస్‌డీపీది (రెండూ చుట్టుపక్కల పరికరాలను వెతికే పద్ధతులు), 255.255.255.255 బ్రాడ్‌కాస్ట్. ఇవి యంత్రాలు కావు, కేకవేసే చోట్లు. వీటిని నోడ్‌లుగా గీస్తే ప్రతివాడి నుంచీ వీటికో గీత వస్తుంది, అందరూ నడిమధ్యకు లాగబడతారు. అసలు నిర్మాణం ఆ గుంపులో మునిగిపోతుంది. గ్రాఫ్‌లోంచి తీసేసి, హోస్ట్ పక్కన చిన్న గుర్తుగా చూపిస్తే సరిపోతుంది.

డీఎన్ఎస్, ఎన్‌టీపీ (గడియారాలు సరిచేసే) సర్వర్లదీ ఇంచుమించు ఇదే తీరు. 200 హోస్ట్‌లున్నచోట డీఎన్ఎస్‌కు 200 గీతలుండడం వార్త కాదు. ఒక హోస్ట్ మన డీఎన్ఎస్‌ను వదిలి బయటిదాన్ని అడుగుతుంటే అది వార్త. మామూలు గీతలు దాచి, తప్పినవాటిని మాత్రమే గీస్తే తెర మీద సిరా సగానికి సగం తగ్గుతుంది.

లింకు లెక్కలో బొక్కలు

లింకు అంటే "మాట్లాడుకున్నారు" అని అర్థం చేసుకుంటాం. డేటా అలా అనదు. రూటర్లు రాకపోకల సారాంశం పంపే నెట్‌ఫ్లో పద్ధతిలో వెర్షన్ 5 రికార్డు ఒక్క దిశకే. వెళ్లినదానికొకటి, వచ్చినదానికొకటి. రెండింటినీ ఐదు అంశాల మీద, అంటే రెండు చిరునామాలు, రెండు పోర్టులు, ప్రొటోకాల్ మీద జతకలపకపోతే ప్రతి లింకూ రెండవుతుంది. ఇక దీర్ఘ కనెక్షన్లు: సిస్కో రూటర్లలో సంప్రదాయ నెట్‌ఫ్లోకు యాక్టివ్ టైమౌట్ (నడుస్తున్న కనెక్షన్ రికార్డును తెంచి పంపే గడువు) డిఫాల్టుగా 30 నిమిషాలు. ఎనిమిది గంటలు తెరిచి ఉంచిన ఒక్క ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి లాగిన్) సెషన్ దిశకు 16 చొప్పున 32 రికార్డులుగా తునకలవుతుంది. రికార్డుల సంఖ్యతో గీత మందం నిర్ణయించే గ్రాఫ్‌లో ఆ ఒక్క సెషన్ 32 కనెక్షన్లంత లావుగా కనిపిస్తుంది.

శాంపిలింగ్ ఉంటే ఇంకో రకం మిణుకు. వెయ్యి ప్యాకెట్లలో ఒకటి చొప్పున తీసుకుంటే, 20 ప్యాకెట్ల చిన్న కనెక్షన్ పట్టుబడే అవకాశం వందలో రెండు. అది రోజూ జరుగుతున్నా గ్రాఫ్‌లో ఏ యాభై రోజులకో ఒకసారి మెరిసి మాయమవుతుంది. చూసేవాళ్లు దాన్ని కొత్త సంఘటన అనుకుంటారు. శాంపిల్ చేసిన డేటా మీద గీసిన గ్రాఫ్‌లో "కొత్త లింకు" అని ఎర్రగా వెలిగించడం నాకు మహా చిరాకు.

స్కాన్‌లు ఇంకో సంగతి. ఒక యంత్రం /24 సబ్‌నెట్‌ను మొత్తం తడిమితే 254 గీతలు. /16ను తడిమితే 65,536 చిరునామాలు. చాలావాటికి జవాబే రాదు. జీక్ అనే నెట్‌వర్క్ పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ కనెక్షన్ లాగ్‌లో వాటి స్థితి ఎస్0 అని ఉంటుంది: అడిగాడు, అవతల ఎవరూ పలకలేదు. సక్రమంగా మొదలై ముగిసినవాటికి ఎస్‌ఎఫ్. ఈ రెండూ ఒకే గీతగా గీస్తే లేని హోస్ట్‌లు వేల సంఖ్యలో పుట్టుకొస్తాయి. పలకనివాటినన్నీ "ఒక యంత్రం, 254 ప్రయత్నాలు, జవాబు 0" అని ఒక్క గీతగా ముడిపెట్టాలి. స్కాన్‌ను దాచినట్టు కాదు. విడిగా గీసిన బొమ్మకన్నా ఇలాగే తొందరగా కంటబడుతుంది.

హ్యాంగ్ అయ్యేది ఎక్కడ

లెక్క చూడండి. 1,000 నోడ్‌లుంటే ఒకదాన్నొకటి నెట్టే జంటలు 4,99,500. 300 ఆవృత్తులకు దాదాపు 15 కోట్ల లెక్కలు, ఫర్వాలేదు. 10,000 నోడ్‌లకు ఒక్క ఆవృత్తికే దాదాపు 5 కోట్లు, మొత్తం 1,500 కోట్లు. నోడ్‌లు పదింతలైతే పని వందింతలు. బార్న్స్, హట్ 1986లో నక్షత్రాల లెక్క కోసం చెప్పిన ఉపాయం, అంటే దూరంగా ఉన్న గుంపును ఒక్క ముద్దగా లెక్కగట్టడం, దీన్ని బాగా తగ్గిస్తుంది. డీ3లోనూ గెఫీలోనూ అది ఉంది. అయినా సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు ఉన్న వ్యవధి 16.7 మిల్లీసెకన్లే. లేఅవుట్‌ను తెర గీసే థ్రెడ్‌లోనే నడిపితే బటన్లు కూడా పలకవు, "ప్రోగ్రామ్ స్పందించడం లేదు" అని వస్తుంది. లెక్క వేరే థ్రెడ్‌లో ఉండాలి, ఆపు బటన్ ఉండాలి, ఆపితే అప్పటిదాకా వచ్చిన స్థానాలు మిగలాలి. ఆపగానే అంతా చెరిపేసే ఆపు బటన్ ఉన్నా లేనట్టే.

తెర గీయడం వేరే మెడనొప్పి. బ్రౌజర్‌లో గీసే పద్ధతుల్లో ఒకటైన ఎస్‌వీజీలో ప్రతి గీతా ఒక మూలకం. కొన్ని వేలు దాటితే జూమ్ ఈడుస్తుంది. మిగతా పద్ధతులు క్యాన్వాస్, వెబ్‌జీఎల్ మోస్తాయి గానీ మౌస్ కింద ఏ నోడ్ ఉందో మనమే వెతుక్కోవాలి. పేర్లు అన్నింటికన్నా ఖరీదు: ఐపీవీ4 చిరునామా గరిష్ఠంగా 15 అక్షరాలైతే ఐపీవీ6 పూర్తిగా రాస్తే 39. అన్నింటికీ పేర్లు వేస్తే ఒక్కటీ చదవలేం.

క్రాష్ అని రిపోర్టయ్యే వాటిలో ఒకటి అసలు క్రాష్ కాదు. రెండు నోడ్‌లు సరిగ్గా ఒకే బిందువు మీద పడ్డాయనుకోండి. వాటి మధ్య దూరం సున్నా. నెట్టే దిశ కోసం సున్నాను సున్నాతో భాగిస్తే వచ్చేది "సంఖ్య కానిది". ఆ రెండింటి స్థానం చెడుతుంది. తర్వాతి ఆవృత్తిలో అందరూ అందరినీ నెడతారు కాబట్టి విషం అందరికీ ఎక్కుతుంది. తెర ఖాళీ. ఎర్రర్ ఏదీ రాదు. ఆ స్థితిలో ప్రాజెక్టు సేవ్ చేస్తే ఎన్నిసార్లు తెరిచినా ఖాళీయే. హ్యాష్‌తో చోటు ఇచ్చే పద్ధతిలోనూ రెండు చిరునామాలు ఒకే బిందువు మీద పడొచ్చు. అందుకని దూరం సున్నాకు దగ్గరైతే చిన్న తోపు ఇవ్వాలి, ఆ తోపు కూడా యాదృచ్ఛికం కాకుండా ఐడీ నుంచే రావాలి. ఒక్క ఆవృత్తిలో నోడ్ కదిలే దూరానికి పరిమితి పెట్టాలి. సేవ్ చేసేముందు ప్రతి స్థానమూ సంఖ్యేనా అని చూడాలి.

గీత బలాన్ని బైట్లతో నేరుగా కట్టినా పేలుడే. ఒక లింకులో 1 కిలోబైటు, ఇంకోదాంట్లో 10 గిగాబైట్లు: తేడా కోటి రెట్లు. అంత బలమైన స్ప్రింగు ఒక్క అడుగులో నోడ్‌ను అవతలి గట్టుకు విసురుతుంది, మరుసటి అడుగులో ఇవతలికి. పది ఆధారంగా లాగరిథం తీసుకుంటే అదే తేడా 3, 10 మధ్యకు వస్తుంది. ఇక ఎవరితోనూ లింకు లేని హోస్ట్‌ను నెట్టేవాళ్లే గానీ లాగేవాళ్లుండరు. అది దూరంగా కొట్టుకుపోతుంది, "తెరకు సరిపెట్టు" నొక్కితే అసలు నెట్‌వర్క్ ఆవగింజంత అవుతుంది. మధ్యకు గుంజే కొద్దిపాటి ఆకర్షణ చాలు. లేదా ఒంటరివాటిని అడుగున వరుసగా పేర్చడం ఇంకా శుభ్రం.

పెద్ద క్యాప్చర్‌ను నేరుగా తెరవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్ ప్రతి సంభాషణ స్థితినీ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి రోజులతరబడి క్యాప్చర్ నడిపితే మెమరీ పెరుగుతూనే పోతుంది. దానితో వచ్చే డంప్‌క్యాప్‌తో 100 మెగాబైట్ల ఫైళ్లు పది రాయించి, నిండాక అన్నింటికన్నా పాతదాన్ని తీసేస్తూ కొత్తది రాయించుకోవడం తెలిసిన పద్ధతి. గ్రాఫ్‌కు ప్యాకెట్లు అక్కర్లేదు, జంటల పట్టిక చాలు. వైర్‌షార్క్ కమాండ్ లైన్ రూపమైన టీషార్క్‌లోని సంభాషణల గణాంకాలు అదే ఇస్తాయి.

కత్తిరించొద్దు, మూటకట్టండి

నోడ్‌లు ఎక్కువైతే చాలా సాఫ్ట్‌వేర్లు బైట్ల ప్రకారం మొదటి 500 చూపించి మిగతావి వదిలేస్తాయి. ప్రోగ్రామ్ నిలబడుతుంది, విశ్లేషణ కూలుతుంది. ఎందుకంటే యంత్రంలో తిష్ఠవేసిన మాల్‌వేర్ తన యజమానికి పది నిమిషాలకోసారి పంపే పలకరింపు కొన్ని వందల బైట్లే. వెతుకుతున్నది సరిగ్గా దాన్నే, మొదట ఎగిరిపోయేదీ అదే.

ఒకే సర్వర్ల సమూహంతో మాట్లాడే హోస్ట్‌లన్నింటినీ ఒక మూటగా కట్టడం నా ఓటు. డీఎన్ఎస్, మెయిల్, ఫైల్ సర్వర్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడని 140 వర్క్‌స్టేషన్లు ఒక పెట్టె, దాని మీద 140 అనే అంకె. బయటి చిరునామా ఒకదానితో అదనంగా మాట్లాడుతున్న 141వది ఆ మూటలో ఇమడదు కాబట్టి విడిగా నిలబడి కనిపిస్తుంది. మూట విప్పితే ఉన్నచోటే విచ్చుకోవాలి, మిగతావాళ్లు కదలకూడదు, మూస్తే మళ్లీ అంతే కావాలి. ఏ వడపోత వేసినా "5,240లో 312 కనిపిస్తున్నాయి, మిగతావి ఈ కారణంగా లేవు" అన్న వాక్యం తెర మీద ఎప్పుడూ ఉండాలి, మెనూ లోపల కాదు.

ప్రత్యక్షంగా నడిచే గ్రాఫ్‌లో ఇదే సూత్రం కాలానికి వర్తిస్తుంది. అయిదు నిమిషాల కిటికీలో ఏ ప్యాకెట్టూ రాలేదని నోడ్‌ను తీసేసి, ఆరో నిమిషంలో వచ్చిందని మళ్లీ పెడితే మిణుగురు పురుగుల తెర అవుతుంది. వృత్తం మీద సమదూరంగా పేర్చే గ్రాఫ్‌లలోనైతే ఒక్కడు లేచిపోతే అందరూ జరుగుతారు. రావడం వెంటనే, పోవడం నెమ్మదిగా జరగాలి: మూడు కిటికీల పాటు పలకకపోతే వెలిసిపోయిన రంగులోకి మారాలి, చోటు మాత్రం ఖాళీగా ఆగాలి. మౌస్ గ్రాఫ్ మీద ఉన్నంతసేపూ ఏదీ కదలకూడదు. నొక్కబోయే చుక్క వేలికింద నుంచి జారిపోవడంకంటే పెద్ద అవమానం వాడేవాళ్లకు లేదు.

ఎదురు వాదన

పాత చోట్లకు కట్టుబడితే గీతలు ఎక్కువ ఖండించుకుంటాయని అంటారు. నిజం. హెలెన్ పర్చేజ్ 1997లో చేసిన ప్రయోగాల్లో గ్రాఫ్ అర్థం కావడానికి అన్నింటికన్నా అడ్డొచ్చేది గీతల ఖండనలేనని తేలింది. చోటు నిలబెట్టడం వల్ల ప్రయోజనం ఎంత అన్నదాని మీద కూడా ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయితే తెలిసిన నోడ్‌ను మళ్లీ వెతికి పట్టుకోవడం, పొడవాటి దారిని అనుసరించడం వంటి పనుల్లో అది సాయపడుతుందని డేనియల్ ఆర్చంబాల్ట్, పర్చేజ్ 2012లో చూపారు. నెట్‌వర్క్ చూసేవాళ్లు రోజంతా చేసే పని అదే కదా. "మళ్లీ పేర్చు" అన్న బటన్ తప్పకుండా ఉండాలి. కానీ అది వాడేవాళ్లు నొక్కితేనే పనిచేయాలి, మార్పు సెకను పాటు కళ్లముందు జరగాలి, వెనక్కి తీసుకునే వీలుండాలి.

అసలు గ్రాఫే వద్దనే పక్షం కూడా ఉంది, వాళ్ల మాటలో బలం ఉంది. గోనియం, ఫెకెట్, కాస్టలియోలా 2004లో పోల్చి చూసినప్పుడు, నోడ్‌లు ఇరవై దాటాక చాలా పనులకు గళ్ల మాత్రికే మెరుగైంది. దారి వెతకడం ఒక్కదాంట్లో గీతల గ్రాఫ్ గెలిచింది. కాబట్టి "ఎవరు ఎక్కువ పంపారు" అంటే పట్టిక, "ఎవరెవరు మాట్లాడుకుంటున్నారు" అంటే మాత్రిక, "ఇక్కణ్నుంచి అక్కడికి ఎలా పాకింది" అంటే గ్రాఫ్. "ఏ వరుసలో జరిగింది" అనుకుంటే వైర్‌షార్క్ ఫ్లో గ్రాఫ్ ఉంది: హోస్ట్‌కో నిలువు గీత, కాలం కిందికి. అక్కడ బలాల లెక్క లేదు, గెంతుడూ లేదు. ఏ రూపంలో ఎంచుకున్నది మిగతా రూపాల్లోనూ ఎంపికై ఉండాలి; గీత మీద నొక్కితే దాని వెనకున్న కనెక్షన్లు, అక్కణ్నుంచి ప్యాకెట్లు రావాలి.

కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి అరగంట చాలు. ఒకే ఫైలును రెండుసార్లు తెరిచి, రెండు స్క్రీన్‌షాట్లను సగం పారదర్శకంగా ఒకదాని మీద ఒకటి వేయండి. చుక్కలు జంటలుగా కనబడితే సీడో, వరుసో తేల్చలేదన్నమాట. ఒక్క హోస్ట్ చేర్చి మళ్లీ వేయండి. ఒక నోడ్‌ను మూలకు లాగి, సేవ్ చేసి, ప్రోగ్రామ్ మూసి తెరవండి. అది ఇంకా మూలనే ఉంటే ఒకసారి రిఫ్రెష్ కూడా నొక్కండి, చాలావరకు అక్కడే దొరికిపోతాయి. తర్వాత మామూలుగా వాడేదానికి పదింతల ఫైలు ఇచ్చి, లేఅవుట్ నడుస్తుండగా ఆపు నొక్కి ఎన్ని సెకన్లకు ఆగిందో చూడండి. చివరగా ఏ లింకులోనైతే అన్నింటికన్నా తక్కువ బైట్లు ఉన్నాయో దాన్ని పట్టికలో గుర్తుపెట్టుకుని, గ్రాఫ్‌లో అది ఎక్కడుందో వెతకండి.